దొండ పందిరి మీది అద్దం రెక్కల పురుగు ఏ జాతి?

మీరు అడిగింది ముందుగా ఒకసారి నెమరు వేసుకుంటాను. తెనాలి దగ్గర ఒక దొండ పందిరి కింద, ఉదయం తొమ్మిది గంటల వేళ ఆకు మీద వాలి ఉన్న పురుగుకు మీరు మూడు ఫొటోలు తీశారు. దూరం నుంచి దాన్ని తుమ్మెద అనుకున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే దాని రెక్కల్లోంచి కింది ఆకు పచ్చగా కనిపించింది, వెనక కాళ్ళకు కుచ్చుల్లా ఒత్తైన బొచ్చు ఉంది. అదే పందిట్లో కొన్ని తీగలు కణుపుల దగ్గర ఉబ్బి, చిన్న రంధ్రాల్లోంచి తడి పొట్టు రాలుస్తున్నాయి. ఈ పురుగును మీ ప్రాజెక్టు నివేదికలో, పొట్ల తీగను తొలిచే పురుగుకు పుస్తకాల్లో ఉన్న మెలిట్టియా యూరీటియాన్ అనే పేరుతో రాయవచ్చా అని మొదటి ప్రశ్న. ఇంటర్నెట్‌లో దొరికిన ఏ బొమ్మతోనూ పూర్తిగా సరిపోలడం లేదు కాబట్టి ఇది కొత్త జాతి కావచ్చా అని రెండో ప్రశ్న.

ఈ రెంటికీ ప్రస్తుతానికి నా జవాబు 'రాయకండి' అనే. కుటుంబం విషయంలో నాకు సందేహం లేదు, అది అద్దం రెక్కల పురుగుల కుటుంబమైన సెసియిడే. ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, మెలిట్టియా అని దాదాపు నమ్మకంగా చెప్పగలను. జాతి మాత్రం ఈ మూడు ఫొటోల నుంచి తేలదు. ఎవరైనా తేల్చి చెప్పినా మీరు అంగీకరించకూడదు. ఎందుకు తేలదో, తేలాలంటే ఏం చేయాలో వివరంగా రాస్తాను, ఎందుకంటే మన పందిరి కూరగాయల మీద ఈ పురుగుల గురించి సరైన రికార్డులు చాలా తక్కువ. మీరు జాగ్రత్తగా పని చేస్తే మీ నివేదిక తర్వాతివారికి నిజంగా పనికి వస్తుంది.

మొదట, ఇది కందిరీగో తేనెటీగో ఎందుకు కాదో చూడండి. మీ రెండో ఫొటోను పెద్దది చేస్తే రెక్కల ఈనెల వెంట, అంచుల వెంట నల్లటి పొలుసులు వరుసగా కనిపిస్తాయి. రెక్క మధ్య భాగం అద్దంలా ఉన్నా ఈనెలు, అంచులు పొలుసులతో కప్పి ఉండడం సీతాకోకచిలుకలు, వాటి బంధువులైన మాత్‌లు ఉండే లెపిడాప్టెరా క్రమానికి గుర్తు. కందిరీగకు కొరికే దవడలు ఉంటాయి, ఉరానికీ (రొమ్ము భాగానికీ) ఉదరానికీ మధ్య నడుము సన్నగా నొక్కినట్లుంటుంది. మీ పురుగుకు ఉదరం ఉరానికి వెడల్పుగా అతుక్కుని ఉంది. ఈగల జాతివైతే రెక్కలు ఒకే జత ఉంటాయి, మీ ఫొటోలో వెనక రెక్క స్పష్టంగా వేరుగా ఉంది. కుట్టే పురుగుల వేషం వేసుకుని పక్షుల నుంచి తప్పించుకునే ఈ కుటుంబానికి కుట్టే ముల్లే లేదు. చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు.

అయితే రెక్కలు పారదర్శకంగా ఉన్నంత మాత్రాన సెసియిడే అని రాయడం కూడా తప్పే. మన దగ్గర ఈ పొరపాటు రెండు రకాల పురుగులతో తరచుగా జరుగుతుంది. ఒకటి సెఫనోడెస్ హైలస్. గార్డీనియా మొక్కల దగ్గర, అడవిలో బిక్కి చెట్ల దగ్గర, అరకు వైపు కాఫీ తోటల్లో పూల ముందు గాలిలో నిలబడి పొడవాటి తొండంతో తేనె తాగే పురుగు ఇది. గూటిలోంచి బయటికి వచ్చినప్పుడు దీని రెక్కల మీద పొలుసులు ఉంటాయి. మొదటిసారి రెక్కలు ఆడించేసరికి అవి రాలిపోయి రెక్క గాజులా మారుతుంది. ఇది స్ఫింజిడే కుటుంబానిది. దీని గొంగళిపురుగు ఆకులు తింటూ బయటే తిరుగుతుంది, తోక దగ్గర కొమ్ము ఉంటుంది. రెండోది అమాటా, సెరిక్స్ ప్రజాతుల పురుగులు. నల్ల రెక్కల్లో కిటికీల్లాంటి పారదర్శకమైన మచ్చలు, పొట్ట మీద పసుపు పట్టీలు ఉండి, గడ్డి మీద బద్ధకంగా ఎగురుతాయి. ఇవి ఎరెబిడే కుటుంబంలోనివి. ఈ రెంటికీ సెసియిడేతో దగ్గరి చుట్టరికం లేదు. పారదర్శకమైన రెక్క వేర్వేరు కుటుంబాల్లో వేర్వేరుగా పుట్టుకొచ్చిన లక్షణం కాబట్టి వర్గీకరణలో దానికి ఇవ్వాల్సిన విలువ చాలా తక్కువ.

మరి దేన్ని నమ్మాలి? సెసియిడేకు అసలైన గుర్తు రెక్కల కొక్కెం. ముందు రెక్క వెనక అంచు కిందికి మడత పడి ఉంటుంది, వెనక రెక్క ముందు అంచు పైకి మడత పడి ఉంటుంది. ఈ రెండు మడతల్లోనూ ముళ్ళలా వంగిన గట్టి పొలుసులు వరుసగా ఉండి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని రెండు రెక్కలను ఒకే రెక్కలా పట్టి ఉంచుతాయి. పది రెట్లు చూపే చేతి భూతద్దంతో, పక్క నుంచి వెలుతురు పడేలా పురుగును తిప్పితే ఈ మడత సన్నని గీతలా మెరుస్తుంది. దీనికి తోడుగా, ముందు రెక్క సన్నగా పొడవుగా ఉండడం, తల మీద సంయుక్త నేత్రాల పక్కన రెండు సరళ నేత్రాలు ఉండడం, మీసాలు కొస వైపు కొద్దిగా లావెక్కి చివర చిన్న పొలుసుల కుచ్చుతో ముగియడం, ఉదరం చివర విసనకర్ర లాంటి కుచ్చు ఉండడం చూడాలి. వీటిలో మొదటిది, మూడోది మీ ఫొటోల్లో ఉన్నాయి. మీసం కొస కుచ్చు రెండో ఫొటోలో ఎంత స్పష్టంగా వచ్చిందంటే, కుటుంబం గురించి నేను సందేహించకపోవడానికి అదే ముఖ్య కారణం.

ఇక వర్గీకరణలో దీని చోటు. ఈ కుటుంబంలో ప్రపంచమంతటా 1,400కు పైగా జాతులను వర్ణించారు. ఒకప్పుడు దీన్ని సెసియోయిడియా అనే వేరే అధికుటుంబంలో ఉంచేవారు, ఇప్పుడు చెట్ల కాండాలు తొలిచే కాసిడే కుటుంబంతో కలిపి కాసోయిడియాలో ఉంచుతున్నారు. జీవన విధానం చూసినా ఇది సమంజసంగానే ఉంది, ఎందుకంటే రెండు కుటుంబాల్లోనూ గొంగళిపురుగులు బయట కనిపించకుండా కాండం లోపలే పెరుగుతాయి. సెసియిడే లోపల సెసియినే ఉపకుటుంబం, దానిలో మెలిట్టియిని తెగ, ఆ తెగలో మెలిట్టియా ప్రజాతి. పాత భారతీయ వ్యవసాయ పుస్తకాల్లో వెతికేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఈ కుటుంబానికి అక్కడ ఈజీరియిడే అనే పేరు ఉంటుంది. అలాగే దొండకు ఇప్పుడు వాడే కాక్సీనియా గ్రాండిస్ అనే పేరు బదులు కాక్సీనియా ఇండికా, కాక్సీనియా కార్డిఫోలియా, సెఫలాండ్రా ఇండికా అనే పేర్లు ఉంటాయి. ఈ పాత పేర్లతో వెతకనివారు తమ ముందు ఎవరూ ఏమీ రాయలేదనే భ్రమలో పడతారు.

మెలిట్టియా ప్రజాతిని హ్యూబ్నర్ 1819లో ఏర్పరచాడు. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల్లో ఇది విస్తరించి ఉంది. ఆతిథేయ మొక్కలు, అంటే పురుగు తిని పెరిగే మొక్కలు, తెలిసిన జాతుల్లో ఎక్కువ భాగం గుమ్మడి కుటుంబపు తీగల్లో పెరుగుతాయి. వెనక కాళ్ళ మీద పొడవాటి పొలుసుల కుచ్చులు దీని ప్రత్యేకత. పురుగు ఎగిరేటప్పుడు ఆ కాళ్ళు కిందికి వేలాడి, పుప్పొడి మోసుకుపోతున్న తేనెటీగలా కనిపిస్తాయి. మీ మూడో ఫొటోలో ఎడమ వెనక కాలు స్పష్టంగా ఉంది. కుచ్చు కాలి పొడవునా దట్టంగా ఉంది, లోపలి వైపు లేత రంగు, బయటి వైపు నలుపు. నేను 'దాదాపు' అన్న మాట వాడడానికి కారణం, ఇదే తెగలో మాక్రోసెలీసియా వంటి బొచ్చు కాళ్ళ ప్రజాతులు ఆసియాలో మరికొన్ని ఉన్నాయి. మీ పురుగు ఒళ్ళు బాగా బలిష్టంగా ఉంది కాబట్టి మెలిట్టియా వైపే మొగ్గుతున్నాను. అయినా రెక్క ఈనెల అమరిక చూడందే ఆ మాటను ఖాయం చేయను.

అసలు చిక్కు జాతి దగ్గర వస్తుంది. మన వ్యవసాయ పాఠాల్లో పొట్ల తీగను తొలిచే పారదర్శక రెక్కల పురుగు అంటే మెలిట్టియా యూరీటియాన్ అనే పేరే కనిపిస్తుంది. వెస్ట్‌వుడ్ 1848లో పెట్టిన పేరు అది. గ్రీకు పురాణాల్లోని ఒక పాత్ర పేరును తెచ్చి పెట్టాడు. ఆ పేరు తప్పని నేను అనడం లేదు. కానీ చాలా రికార్డుల్లో ఆ పేరు ఎలా వచ్చిందో గమనించండి. తీగలో తొలిచే పురుగు దొరుకుతుంది, అది పొట్లదో దొండదో కాబట్టి పుస్తకంలో ఆ పంట కింద ఉన్న పేరు రాస్తారు, తర్వాతి రచయిత ఆ రికార్డును ఆధారంగా చూపుతాడు. ఈ గొలుసులో ఎక్కడా ఎవరూ పురుగును మూల నమూనాతోనో (జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న పురుగుతోనో), జననాంగాల బొమ్మలతోనో పోల్చి ఉండకపోవచ్చు. భారతదేశం నుంచి బట్లర్ 1874లో వర్ణించిన మెలిట్టియా ఇండికాతో సహా ఈ ప్రజాతిలో ఇంకా జాతులు ఉన్నాయి, పైపైన చూస్తే ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. ఆతిథేయ మొక్క ఒక ఆనవాలు మాత్రమే, దానితోనే జాతి నిర్ణయం కాదు.

దీనికి అమెరికా గుమ్మడి తోటల కథ మంచి ఉదాహరణ. అక్కడ గుమ్మడి తీగలను తొలిచే మెలిట్టియా కుకుర్బిటే రైతులకు బాగా తెలిసిన శత్రువు. హారిస్ 1828లో దాన్ని ఈజీరియా ప్రజాతిలో వర్ణించాడు, తర్వాత మెలిట్టియాలోకి మార్చారు. అందుకే ఇప్పుడు ఆ పేరు పక్కన హారిస్ పేరును కుండలీకరణాల్లో రాస్తారు. మీరు కూడా నివేదికలో ఈ నియమం పాటించాలి. ఇంతటి పేరున్న పురుగును కూడా చాలాకాలం మెలిట్టియా సాటిరినిఫార్మిస్ అనే మరో పేరుతో పొరపాటుగా రాశారు. ఆ తర్వాత 1973లో డక్‌వర్త్, ఐక్లిన్ జాగ్రత్తగా పరిశీలించి, నైరుతి అమెరికా వైపు గుమ్మడి తీగల్లో ఉన్నది వేరే జాతి అని తేల్చి మెలిట్టియా కలబాజా అని పేరు పెట్టారు. ప్రతి తోటలో కనిపించే, ప్రతి సంవత్సరం పంట నష్టం చేసే పురుగు విషయంలోనే ఒక పేరు వెనక రెండు జాతులు అంతకాలం దాగి ఉంటే, ఎవరూ పెద్దగా పట్టించుకోని మన దొండ తీగల పురుగు విషయంలో ఒకే పేరు సరిపోతుందని ఏ ధైర్యంతో అనుకోగలం?

దొండకు సంబంధించి ఇంకొక సంగతి తెలుసుకోవడం మంచిది. మనకు కూరగాయ అయిన దొండ హవాయి దీవుల్లో చెట్లను, కంచెలను కప్పేసే కలుపు తీగ. దాన్ని అదుపు చేయడానికి కెన్యా నుంచి మెలిట్టియా ఈడిపస్ అనే జాతిని తెచ్చి 1996లో హవాయిలో వదిలారు. దాని గొంగళిపురుగులు దొండ తీగల కాండాన్ని, మొదలును తొలుస్తాయి. ఇక్కడ మనం మందు కొట్టి చంపే పురుగుకు దగ్గరి బంధువు అక్కడ ప్రభుత్వ సహాయంతో పెంచి వదిలిన మిత్రపురుగు. జాతి పేరు ఖచ్చితంగా ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం. ఏ జాతి ఏ తీగను తింటుంది, ఏ తీగను ముట్టుకోదు అన్నది స్పష్టంగా తెలిస్తేనే అలాంటి పని సాహసించగలరు.

నా అనుభవం కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో పొట్ల తీగ నుంచి వచ్చిన రెండు పురుగులకు నేను కూడా పంటను చూసే పేరు రాసి పెట్టెలో పెట్టాను. ఏడెనిమిదేళ్ళ తర్వాత జననాంగాలను కోసి చూసే అలవాటున్న ఒక పెద్దాయన ఆ పెట్టె తెరిచి, రెండూ మగవే అయినా రెంటి నిర్మాణం ఒకటి కాదని చూపించారు. ఒకే పందిరి, ఒకే నెల, రెండు జాతులు. నా చీటీలో మాత్రం రెంటికీ ఒకే పేరు. ఆ రోజు నుంచి పంటను చూసి పేరు రాయడం మానేశాను. ఆ నమూనాలను మళ్ళీ పరిశీలించే వీలు కూడా తర్వాత మిగలలేదు. ఒక వానకాలంలో భవనం చెమ్మగిల్లి, నాఫ్తలిన్ మార్చేవారు లేక, పెట్టెలో బూజు, చిన్న పురుగులు చేరి రెక్కలు, ఉదరాలు తినేశాయి. మిగిలింది గుండుసూదులు, చీటీలు.

రంగు గురించి కూడా హెచ్చరించాలి. ఈ కుటుంబపు పురుగులు కాండం లోపల కొవ్వు పట్టి పెరుగుతాయి కాబట్టి చనిపోయాక కొన్ని వారాల్లో ఆ కొవ్వు బయటికి ఊరి, ఒంటి మీది పసుపు, తెలుపు పట్టీలు నూనె పట్టిన గుడ్డలా నల్లబడతాయి. బాగా తిరిగిన పురుగుకు పొలుసులు రాలిపోతాయి. మగకూ ఆడకూ మీసాల్లో తేడా ఉంటుంది, కొన్ని జాతుల్లో రంగులోనూ ఉంటుంది. ఇంటర్నెట్‌లో మీరు చూసిన బొమ్మల్లో సగం పాత మ్యూజియం నమూనాలవి, సగం ఎవరూ సరిచూడని ఫొటోలు. వాటితో సరిపోలలేదన్న కారణంతో కొత్త జాతి అనుకోవడానికి లేదు, సరిపోలినా అదే జాతి అనుకోవడానికి లేదు.

ఇక మీరు చేయవలసిన పని. ఎగిరే పురుగు వెంట వల పట్టుకుని తిరగడం కంటే తీగలోంచి దాన్ని పెంచడం వంద రెట్లు మేలు, ఎందుకంటే అప్పుడు తాజా నమూనా, ఆతిథేయ మొక్క, గొంగళిపురుగు, గూడు అన్నీ ఒకే పురుగుకు చెందినవిగా దొరుకుతాయి. కానీ ఉబ్బిన ప్రతి దొండ తీగలోనూ ఇదే ఉంటుందని అనుకోకండి. దొండ కాండం మీద బుడిపెలు కట్టించే సన్నని ఈగలు ఉన్నాయి. ఆ బుడిపెను కోస్తే లోపల చిన్న చిన్న అరల్లో తలే కనిపించని బుల్లి పురుగులు ఉంటాయి. పొట్ల తీగలను తొలిచే బారిస్ ముక్కు పురుగు ఉంది, గుమ్మడి జాతి తీగలను తొలిచే ఎపోమెసైనా అనే పొడవు మీసాల పెంకు పురుగు ఉంది. వీటి పిల్ల పురుగులకు కాళ్ళు ఉండవు. మీరు వెతుకుతున్నది తెల్లగా, గోధుమరంగు తలతో, ఉరం కింద మూడు జతల కాళ్ళతో, ఉదరం కింద పొట్టి మొద్దుకాళ్ళతో ఉన్న గొంగళిపురుగు. ఆ మొద్దుకాళ్ళ అడుగున సన్నని కొక్కేలు రెండు అడ్డ వరుసలుగా ఉంటాయి. ఉదరం ఎనిమిదో ఖండం మీది శ్వాసరంధ్రం మిగిలిన వాటికంటే పెద్దదిగా, కాస్త వీపు వైపు జరిగి ఉంటుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే మీ చేతిలో ఉన్నది సెసియిడే పిల్ల పురుగే.

పొట్టు రాలుతున్న రంధ్రం మధ్యలో ఉండేలా మూరెడు తీగ ముక్కలను కోసి తెచ్చుకోండి. రంధ్రం పాతబడి ఎండిపోతే పురుగు వెళ్ళిపోయినట్లే, తడి పొట్టు ఉన్నదాన్నే ఎంచుకోండి. వెడల్పు మూతి గాజు సీసాలో అడుగున నాలుగు వేళ్ళ మందం కొద్దిగా తడిపిన ఇసుక మట్టి వేసి, తీగ ముక్కలను అందులో నిలబెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టండి. అమెరికా గుమ్మడి పురుగు కాండం విడిచి మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటుంది. ఈ కుటుంబంలో చాలా జాతులు కాండంలోనే ప్యూపా దశ గడుపుతాయి. మీది ఏది చేస్తుందో ముందే అనుకోకుండా రెంటికీ చోటు ఉంచండి, ఏది చేసిందో తేదీతో సహా రాసుకోండి. ఆ ఒక్క పరిశీలన కూడా మీ నివేదికలో ఒక పుట విలువ చేస్తుంది. తీగ ఎండితే కొత్త ముక్క పక్కన పెట్టండి, పురుగు తనంతట తానే మారుతుంది. సీసాను నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర ఉంచండి.

ప్యూపా ఉదర ఖండాల మీద వెనక్కి వంగిన ముళ్ళ వరుసలు ఉంటాయి. బయటికి వచ్చే రోజున అది ఆ ముళ్ళను తన్నిపెట్టుకుంటూ రంధ్రం దాకా పాకి, సగం ఒళ్ళు బయటికి తోసుకుంటుంది, ఆ తర్వాతే చర్మం చిట్లి పురుగు వస్తుంది. తేనె రంగు ఖాళీ తొడుగు తీగలోంచో మట్టిలోంచో పొడుచుకుని అలాగే ఉండిపోతుంది. దాన్ని పారేయకండి, చిన్న గొట్టంలో వేసి అదే నమూనాతో జత చేయండి. సాధారణంగా ఇది ఉదయం పూట జరుగుతుంది. కాబట్టి ప్యూపా దశ మొదలయ్యాక రోజూ పొద్దున్నే సీసా చూడాలి. రెక్కలు ఆరిన వెంటనే, అది సీసా గోడలకు కొట్టుకుని పొలుసులు రాల్చుకోకముందే, ముందు ప్రాణంతో ఫొటోలు తీయండి. పై నుంచి, కింద నుంచి, పక్క నుంచి, ముఖం ఎదుటి నుంచి, వెనక కాలు లోపలి వైపు, రెక్కలు కలిసే మడత. ఈ ఆరు ఫొటోలు ఉంటే తర్వాత రంగు మారినా మీకు ఆధారం ఉంటుంది.

ఆ తర్వాత నమూనాను ఇథైల్ అసిటేట్ సీసాలో గానీ ఫ్రీజరులో గానీ ఉంచి, సన్నని కీటకాల సూదితో ఉరానికి గుచ్చి, రెక్కలు పరిచి ఆరబెట్టండి. మొత్తం పురుగును ఆల్కహాల్లో వేయకండి, పొలుసులు పాడవుతాయి. ఆరబెట్టే ముందు ఒక వైపు మధ్య కాలును మాత్రం కత్తెరతో తీసి, 95 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న గొట్టంలో వేసి, నమూనా సంఖ్య రాయండి. వెనక కాలు ముట్టుకోవద్దు, మెలిట్టియాలో గుర్తులన్నీ అక్కడే ఉన్నాయి. చీటీ మీద ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సేకరించినవారి పేరు, ఆతిథేయ మొక్క, 'తీగలోంచి పెంచినది' అన్న మాట, పురుగు బయటికి వచ్చిన తేదీ ఉండాలి. చీటీ లేని పురుగు ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

జాతి నిర్ణయం ప్రధానంగా మగ పురుగు జననాంగాల మీద ఆధారపడుతుంది. ఉదరాన్ని విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేసి, మెత్తబడిన కణజాలం శుభ్రం చేసి, స్లైడు మీద పరిచి చూడాలి. ఒక్క నమూనా మాత్రమే ఉంటే ఈ పని మీరు మొదటిసారిగా దాని మీద చేయకండి, సాధారణంగా దొరికే వేరే పురుగుల మీద పదిసార్లు చేసి చేయి తిరిగాక చేయండి. మగవి దొరకకపోతే, ఆడ పురుగు వాసన లాంటి ఎరతో వాటిని రప్పించే లింగాకర్షక బుట్టలు వాడవచ్చు. పీచ్ చెట్లను తొలిచే సెసియిడే జాతుల ఆకర్షక పదార్థం ఆక్టాడెకాడైయినైల్ అసిటేట్ అని 1974లో కనుక్కున్నారు. దానికి దగ్గరి రూపాలతో తయారైన ఎరలకు ఈ కుటుంబంలోని ఎన్నో ఇతర జాతుల మగ పురుగులు కూడా వస్తాయి. ఏ ఎరకు ఏది వచ్చిందో రాసుకుంటే అది కూడా ఒక గుర్తింపు లక్షణమే, ఎందుకంటే దగ్గరి జాతులు తరచుగా వేర్వేరు మిశ్రమాలకు స్పందిస్తాయి.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే సరిపోదా అని చాలామంది విద్యార్థులు అడుగుతారు. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ జన్యువులోని 658 అక్షరాల ముక్కను జంతువులకు బార్‌కోడుగా వాడాలని 2003లో హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. అది చాలా ఉపయోగపడింది. మీరు తీసిన కాలుతో అది చేయించవచ్చు, చేయించండి. కానీ ఆ వరుసను పోల్చడానికి, సరిగా పేరు పెట్టిన నమూనా నుంచి వచ్చిన వరుస ఒకటి ముందే ఉండాలి. తప్పు పేరు పెట్టిన పురుగు వరుసతో మీది నూటికి నూరు కలిస్తే మీకు దక్కేది కూడా ఆ తప్పు పేరే.

పేరు చివరికి ఒక నమూనా మీద నిలబడుతుంది అన్నదానికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ హెటెరోస్ఫీసియా టావనాయిడెస్. నీలి మెరుపుతో తేనెటీగను పోలి ఉండే ఈ సెసియిడే పురుగు 1887లో సుమత్రాలో ఒకే ఒక్కటి దొరికింది. దెబ్బతిన్న ఆ నమూనా వియన్నా మ్యూజియంలో ఉండిపోయింది, కల్లీస్ దాన్ని ఆధారంగా చేసుకుని 2003లో జాతిని వర్ణించాడు. ఆ తర్వాత మలేసియాలోని తమాన్ నెగారా అడవిలో, నది ఒడ్డు తడి ఇసుక మీద తేనెటీగల మధ్య వాలి ఉప్పు నీరు పీల్చుకుంటున్న అలాంటి పురుగులను మార్తా స్కోవ్రాన్ వోల్పోనీ, పావులో వోల్పోనీ గుర్తించి 2017లో ప్రకటించారు. 130 ఏళ్ళ కిందటి ఆ ఒక్క దెబ్బతిన్న పురుగును ఎవరో భద్రపరచకపోయి ఉంటే, నది ఒడ్డున కనిపించిన దానికి ఏ పేరు వాడాలో తెలిసేది కాదు. అంత నిండైన అడవిలో ఆ పురుగు ఏ మొక్క తిని పెరుగుతుందో కనుక్కోవడం ఎంత కష్టమో ఊహించండి. మీకు ఆ మొక్క పందిరి మీద కళ్ళెదుటే ఉంది.

కొత్త జాతి అనడానికి ఏం కావాలో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. దక్షిణ ఆసియా నుంచి వర్ణించిన ప్రతి మెలిట్టియా జాతి అసలు వర్ణన చదవాలి, వీలైనన్ని మూల నమూనాలనో వాటి స్పష్టమైన చిత్రాలనో చూడాలి, పర్యాయ పదాలుగా కొట్టేసిన పాత పేర్లను కూడా విడవకుండా పరిశీలించాలి, కనీసం కొన్ని మగవి, కొన్ని ఆడవి చేతిలో ఉండాలి. మన దేశపు పాత నమూనాల్లో చాలా భాగం లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. హాంప్సన్ 1892లో వెలువరించిన భారతీయ మాత్‌ల మొదటి సంపుటంలో ఈ కుటుంబం ఉంది, దానితో మొదలుపెట్టండి, కానీ దానితోనే ఆగకండి. దేశంలో నమూనాలు పోల్చి చూడడానికి కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ, ఢిల్లీలో జాతీయ పూసా సేకరణ, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఉన్నాయి. మీ గైడు ద్వారా ముందుగా ఉత్తరం రాసి వెళ్ళండి. ఫొటో చూసి పేరు చెబుతానని విదేశం నుంచి ఎవరైనా నమూనా పంపమంటే సొంతంగా పోస్టులో వేయకండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద దానికి అనుమతుల పద్ధతి ఉంది.

ఈ నెల ఇవ్వాల్సిన నివేదికలో మాత్రం ఇలా రాయండి: 'సెసియిడే, మెలిట్టియా ప్రజాతి, జాతి నిర్ణయం కాలేదు, దొండ పందిరి మీద ఫొటో ద్వారా నమోదు'. తీగల ఉబ్బును ఈ పురుగుతో ముడిపెట్టకండి, ఇప్పటివరకు మీరు ఆ తీగను కోసి చూడలేదు. ఉబ్బు గురించి విడిగా ఒక వాక్యం రాసి, కారణం పరిశీలనలో ఉందని చెప్పండి. సీసాలో పురుగు బయటికి వచ్చాక ఆ ఆరు ఫొటోలు, వెనక రెక్క ఈనెల బొమ్మ, ఖాళీ తొడుగు ఫొటో నాకు పంపండి. ప్రజాతి సంగతి అప్పుడు 'దాదాపు' లేకుండా చెబుతాను. మగ పురుగు దొరికితే స్లైడు చేయడానికి తొందరపడకుండా ముందు నాకు తెలియజేయండి.